రియాలిటీ షోలు చూసే పిల్లలతో ఎలా మెలగాలి? ఒక సీజన్ పొడవునా ఇంట్లో చేయదగిన పనులు

2020 నుంచి ఏటా సెప్టెంబరు మొదట్లో బిగ్ బాస్ తెలుగు కొత్త సీజన్ మొదలై డిసెంబరు మూడో వారం దాకా, దాదాపు 105 రోజులు సాగుతోంది. దసరా సెలవులు, అర్ధసంవత్సర పరీక్షలు, ఇంటర్ పిల్లల సిలబస్ హడావుడి అన్నీ ఆ నాలుగు నెలల్లోనే వస్తాయి. రాత్రి 9 దాటాక లక్షల ఇళ్లలో అదే పాట, అదే ఇల్లు, అవే గొడవలు వినిపిస్తాయి. 1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్ పేరుతో మొదలైన ఈ పద్ధతి 2006లో హిందీలోకి, 2017 జులైలో స్టార్ మా ద్వారా తెలుగులోకి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి ఈ షో వారి ఇంట్లో ఒక పండుగలా ఏటా వచ్చిపోతూనే ఉంది.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఒక ఏడాది తరగతికి లీడరును ఎంచుకోమని పిల్లలకే వదిలేశాను. ఒక అమ్మాయి లేచి నిలబడి, చాలా గంభీరంగా, ‘సార్, నేను వీణ్ణి నామినేట్ చేస్తున్నాను’ అంది. లీడరుగా పేరు సూచిస్తోందని అనుకున్నాను. కానీ ఆ అమ్మాయి ఉద్దేశం వాణ్ణి పోటీలోంచి తప్పించాలని. కారణం అడిగితే, ‘వీడు ఎవరితోనూ గొడవ పడడు సార్, సేఫ్ గేమ్ ఆడుతున్నాడు’ అని చెప్పింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లవాడు చేసిన తప్పల్లా నెమ్మదిగా ఉండటమే.

ఆ రోజు నాకు ఒక విషయం స్పష్టమైంది. ఈ షోల వల్ల పిల్లలు బూతులు నేర్చుకుంటారని, ప్రేమ వ్యవహారాలు నేర్చుకుంటారని పెద్దలు భయపడుతుంటారు. ఆ భయంలో నిజం లేదని అనను. అయితే అంతకంటే లోతుగా జరిగేది మరొకటుంది. గంట కార్యక్రమం నడవాలంటే ఏ గుణాలు కావాలో, వాటినే మనిషికి కావలసిన గుణాలుగా పిల్లలు పొరబడతారు. నెమ్మదస్తుడి వల్ల ఎడిటర్‌కు ఉపయోగం లేదు కాబట్టి నెమ్మది అక్కడ నేరమవుతుంది. ఈ పొరపాటును పిల్లలు తామే గుర్తుపట్టేలా చేయడానికి ఇంట్లో ఏం చేయవచ్చో కింద వరుసగా రాస్తున్నాను. పన్నెండు నుంచి పందొమ్మిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లను దృష్టిలో పెట్టుకున్నాను.

మొదటి వారం: అడ్డుచెప్పకుండా గమనించండి

ఏ నియమమూ పెట్టకముందు ఒక వారం పాటు మీ పిల్లలు అసలు ఏం చూస్తున్నారో తెలుసుకోండి. చాలామంది తల్లిదండ్రులు టీవీ ముందు కూర్చున్న సమయాన్నే లెక్కిస్తారు. నిజానికి ఎంతోమంది పిల్లలు పూర్తి ఎపిసోడ్ చూడనే చూడరు. మధ్యాహ్నం విడుదలయ్యే ప్రోమో, దానిపై వచ్చే మీమ్స్, సాయంత్రం రివ్యూ ఛానళ్ల విశ్లేషణ, అర్ధరాత్రి దాకా రీల్స్‌లో తిరిగే గొడవల ముక్కలు, ఆదివారం ఎలిమినేషన్ ఎవరన్న లీకులు, ఇవే వారి బిగ్ బాస్. ఒక గంట ఎపిసోడ్‌లో కనీసం వంట, నవ్వులు, సర్దుబాటు కూడా కొంత ఉంటాయి. రీల్స్‌లో మిగిలేది అరుపులు, కన్నీళ్లు మాత్రమే. కాబట్టి ఎపిసోడ్ చూసే పిల్లల కంటే ముక్కలు చూసే పిల్లల విషయంలోనే ఎక్కువ శ్రద్ధ అవసరమని నా అభిప్రాయం.

ఒక నోటుపుస్తకం తీసుకుని మూడు సంగతులు రాసి ఉంచండి: ఏ షో, ఏ రూపంలో, ఎన్ని గంటలకు. అదే వారంలో మీ అమ్మాయి లేదా అబ్బాయి ఏ కంటెస్టెంట్ గురించి ఏమన్నారో వారి మాటల్లోనే రాయండి. ‘ఆవిడ ఫేక్’, ‘వాడే జెన్యూన్’, ‘ఆయనకు అసలు గేమే తెలియదు’ వంటి వాక్యాలను వ్యాఖ్యానం లేకుండా తేదీతో రాసుకుంటే చాలు. పుస్తకం దాచి రాయకండి. ‘నువ్వు చెప్పినవి రాస్తున్నాను, సీజన్ అయ్యాక ఇద్దరం కలిసి చదువుదాం’ అని ముందే చెప్పండి. ఈ పుస్తకం చివర్లో బాగా ఉపయోగపడుతుంది.

తర్వాత: పక్కన కూర్చోండి

రిమోట్ లాక్కోవడం వల్ల ఫలితం ఉండదు. టీవీలో ఆపితే ఫోనులో చూస్తారు, ఫోను తీసుకుంటే స్నేహితుల దగ్గర చూస్తారు, మీతో మాట్లాడటం మాత్రం మానేస్తారు. వారానికి కనీసం రెండు రోజులు పూర్తిగా వారి పక్కన కూర్చుని చూడండి. అందులో ఒకటి సోమవారం అయితే మంచిది, ఎందుకంటే సాధారణంగా నామినేషన్లు ఆ రోజు ఎపిసోడ్‌లోనే వస్తాయి. రెండోది శనివారం. ఆ రోజు హోస్టు వచ్చి వారమంతా జరిగినదానికి తీర్పు చెబుతాడు.

చూసేటప్పుడు ఉపన్యాసం వద్దు. ‘ఛీ, ఇదేం షో’ అన్న ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోతుంది. పిల్లలకు తెలిసినది మీకు తెలియదని ఒప్పుకుని అడగండి. ‘నాన్నా, ఈ అమ్మాయికీ ఆ అబ్బాయికీ గొడవ ఎక్కడ మొదలైంది? నాకు అర్థం కాలేదు, చెప్పవా?’ అంటే చాలు, పదిహేను నిమిషాలు చెబుతారు. అలా చెబుతున్నప్పుడు వారు ఎవరి పక్షాన ఉన్నారో, ఏ ప్రవర్తనను మెచ్చుకుంటున్నారో మీకే తెలుస్తుంది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వారినీ కూర్చోబెట్టండి. నలుగురి మధ్య నెగ్గుకొచ్చిన ఉమ్మడి కుటుంబపు కోడళ్లకు ఆ ఇంటి రాజకీయాలు మనకంటే త్వరగా అర్థమవుతాయి. వారు చేసే వ్యాఖ్యలను పిల్లలు మన సలహాల కంటే శ్రద్ధగా వింటారు.

అసలు పని: తయారీని చూపించండి

అన్నింటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. తెర మీద కనబడేది నిజమైన మనుషుల నిజమైన మాటలే కావచ్చు. కానీ వాటి వరుస, వాటి వెనుక సంగీతం, వాటికి ఇచ్చిన చోటు మరొకరు నిర్ణయించినవి. ఈ సంగతి పిల్లలకు మాటగా చెబితే ‘మాకు తెలుసులే’ అంటారు. చేయించి చూపిస్తేనే పట్టుబడుతుంది. నేను విద్యార్థులతో చేయించిన వాటిలో బాగా పనిచేసినవి నాలుగు.

మొదటిది లెక్క. బిగ్ బాస్ ఇంట్లో పదిహేను మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు రోజుకు పదహారు గంటలు మేలుకుని ఉంటే మొత్తం 240 గంటలు, అంటే 14,400 నిమిషాల జీవితం. మన దేశపు నిబంధనల ప్రకారం గంట ప్రసారంలో ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు కాబట్టి కార్యక్రమానికి మిగిలేది 48 నిమిషాలు. 14,400ను 48తో భాగించమని మీ పిల్లలకే కాగితం ఇవ్వండి. 300 వస్తుంది. మూడు వందల నిమిషాల్లో ఒక్క నిమిషం మనకు చూపిస్తున్నారు. మిగిలిన 299 నిమిషాల్లో ఆ మనిషి ఏం చేసి ఉంటాడో ఊహించమనండి. ‘మన ఇంట్లో నిన్నంతా జరిగినదాంట్లో ఒకే ఒక్క నిమిషం చూపించి నువ్వు ఎలాంటివాడివో చెప్పమంటే, ఏ నిమిషం చూపిస్తే మంచివాడివవుతావు, ఏది చూపిస్తే చెడ్డవాడివవుతావు?’ అని అడగండి. నేను ఈ ప్రశ్న వేసిన ప్రతి తరగతిలోనూ కాసేపు నిశ్శబ్దం ఆవరించింది.

రెండోది ప్రోమో పరీక్ష. మధ్యాహ్నం వచ్చిన ప్రోమోను కలిసి చూసి, ఇద్దరు కంటెస్టెంట్ల మధ్య ఏం జరిగిందని అనుకుంటున్నారో పిల్లల చేత నాలుగు వాక్యాలు రాయించండి. రాత్రి ఎపిసోడ్ చూశాక ఆ వాక్యాలను సరిచూసుకోమనండి. ప్రోమోలో ఒకరి మాటకు మరొకరు కోపంగా చూసినట్లు కనబడినది, ఎపిసోడ్‌లో వేరే సందర్భంలోని చూపుగా తేలడం తరచుగా జరుగుతుంది. వారం రోజులు ఇలా చేసిన పిల్లలు ప్రోమో చూసి తీర్పు చెప్పడం చాలావరకు తగ్గిస్తారు. వార్తా ఛానళ్ల తునకల విషయంలోనూ ఈ అలవాటు పనికొస్తుంది.

మూడోది శబ్దం ఆపి చూడటం. గొడవ జరుగుతున్న ఐదు నిమిషాలను మ్యూట్‌లో పెట్టి చూడండి, తర్వాత అదే భాగాన్ని శబ్దంతో చూడండి. డప్పుల మోత, ఒక్కసారిగా ఆగే సంగీతం, ముఖాల మీదకు మూడుసార్లు దూసుకెళ్లే కెమెరా లేకపోతే ఆ గొడవ అన్నం ఎవరు ఎక్కువ తిన్నారన్న చిన్న తగవుగా కనిపిస్తుంది.

నాలుగోది పరిస్థితులను గుర్తుచేయడం. ఆ ఇంట్లో ఫోను లేదు, పత్రిక లేదు, గడియారం లేదు, బయటి మనిషి మాట లేదు. సరుకులు కొలిచి ఇస్తారు, ఒకరి మీద ఒకరిని పోటీకి దింపుతారు, వారం వారం సాటివారి పేరు చెప్పి తీరాలన్న నియమం పెడతారు. అటువంటి చోట నోరు జారని మనిషి అరుదు. గొడవ అక్కడివారి గుణంలోంచి మాత్రమే పుట్టదు, ఆటను అమర్చిన తీరు కూడా దాన్ని పుట్టిస్తుంది. ఈ సంగతి అర్థమైన పిల్లలు కంటెస్టెంట్లను తిట్టడం మానేసి వారి మీద కొంత జాలి పడటం నేను చూశాను. ఇది చిన్న మార్పు కాదు.

ఇంట్లోకి వచ్చిన మాటలను పట్టుకోండి

రెండు మూడు వారాలు గడిచాక ఇంట్లో వినిపించే కొత్త మాటల మీద దృష్టి పెట్టండి. కంటెంట్, స్క్రీన్ స్పేస్, సేఫ్ గేమ్, మాస్క్, సింపతీ కార్డ్ వంటి మాటలు మన పిల్లల నోట ఇప్పుడు సహజంగా వస్తాయి. మాటలు రావడం తప్పు కాదు. భాష అలాగే పెరుగుతుంది. అయితే ఒక్కో మాట వెనుక ఒక్కో తీర్పు ఉంది. ఏడ్చిన స్నేహితురాలిని ‘సింపతీ కార్డ్ వాడుతోంది’ అన్నప్పుడు, కన్నీళ్లను నమ్మకూడదన్న నిర్ణయం ఆ మాటలోనే జరిగిపోయింది. తగవు వద్దనుకుని పక్కకు జరిగిన తమ్ముణ్ణి ‘సేఫ్ గేమ్’ అన్నప్పుడు, ఓర్పు పిరికితనమైపోయింది.

ఇలాంటి మాట విన్నప్పుడు వెంటనే మందలించకుండా, దానికి మన ఇంట్లో ఇంతకుముందు ఏ పేరుండేదో అడగండి. సేఫ్ గేమ్ అన్నదాన్ని మీ తాతగారైతే ఏమనేవారు? నిదానం అనేవారా, సర్దుకుపోవడం అనేవారా, తప్పించుకోవడం అనేవారా? మూడింటికీ అర్థభేదం ఉంది. ఏ సందర్భంలో ఏది సరిపోతుందో ఆలోచించడమే ఆ పిల్లవాడికి కావలసిన అభ్యాసం. మొహం మీద చెప్పేయడం గొప్పదని ఈ షోలు పదే పదే నేర్పుతాయి. చెప్పవలసిన నిజాన్ని నలుగురిలో చెప్పాలా, పక్కకు పిలిచి చెప్పాలా అన్న విచక్షణ మాత్రం అక్కడ నేర్పరు. పక్కకు పిలిచి చెప్పినది కూడా అక్కడ కెమెరాకు చిక్కుతుంది కదా.

ఈ ప్రభావం మన ఊహ మాత్రమేనా అన్న సందేహం మీకు రావచ్చు. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ సంస్థ పరిశోధన విభాగం 2011లో 11 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 1,100 మందికి పైగా బాలికలను ప్రశ్నించింది. చాడీలు చెప్పుకోవడం అమ్మాయిల స్నేహంలో మామూలేనని రియాలిటీ షోలు క్రమం తప్పకుండా చూసేవారిలో 78 శాతం అంగీకరించగా, చూడనివారిలో 54 శాతమే అంగీకరించారు. మంచిగా ఉండటం కంటే కఠినంగా ఉంటేనే ఎక్కువ గౌరవం దక్కుతుందన్న మాటతో చూసేవారిలో 37 శాతం, చూడనివారిలో 25 శాతం ఏకీభవించారు. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. షో వల్లనే అలా అనుకున్నారని ఇవి రుజువు చేయవు, అలా అనుకునేవారే ఆ షోలకు ఆకర్షితులై ఉండవచ్చు. పైగా తమ మీద తమకు నమ్మకం విషయంలో చూసేవారే ముందున్నారని అదే అధ్యయనం చెప్పింది. ప్రభావం ఒకే దిశలో ఉండదు. కొత్త మనుషుల మధ్య బెరుకు లేకుండా మాట్లాడటం, ఓడిపోయి కూడా వేదిక మీద నిలబడటం చూసి ధైర్యం తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారు. వారిని చూసినప్పుడు ఆ సంగతి చెప్పి మెచ్చుకోండి.

ఓటు, అభిమానం, ఫోను

ఎవరికి ఓటు వేస్తున్నావని అడగండి, ఎందుకని కూడా అడగండి. ఓటు వేయవద్దని చెప్పనవసరం లేదు. కానీ ఒక నియమం పెట్టుకోవచ్చు. తనకు నచ్చిన కంటెస్టెంట్ గురించి ఒక తప్పు, నచ్చని కంటెస్టెంట్ గురించి ఒక మంచి చెప్పాకే ఓటు వేయాలి. రెండు నిమిషాల పని ఇది. గుడ్డి అభిమానం మొదట్లోనే కొంత పలుచబడుతుంది.

అభిమానం ఎక్కడి దాకా పోగలదో 2023 డిసెంబరు 17 రాత్రి హైదరాబాద్ చూసింది. ఏడో సీజన్ ఫినాలే ముగిశాక అన్నపూర్ణ స్టూడియోస్ బయట చేరిన అభిమానుల్లో కొందరు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు, కుటుంబంతో వెళ్తున్న రన్నరప్ కారు మీద దాడి చేశారు. జూబ్లీహిల్స్ పోలీసులు కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి, గెలిచిన యువకుడు కూడా కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద బయటికి రావలసి వచ్చింది. ఆ బస్సుల్లో ప్రయాణిస్తున్నవారికి ఈ పోటీతో ఏ సంబంధమూ లేదు. ఈ సంఘటనను మీ పిల్లలతో తప్పక మాట్లాడండి. ఆ గుంపులో ఉన్నవారు పుట్టు రౌడీలు కారని, పదిహేను వారాల పాటు ఫోనులో రెండు పక్షాలుగా చీలి తిట్టుకున్న కోపం ఆ రాత్రి రోడ్డు మీదకు వచ్చిందని చెప్పండి.

అందుకే వ్యాఖ్యల విషయంలో ఇంట్లో గట్టి నియమం ఉండాలి. కంటెస్టెంట్ల పిల్లల గురించి, తల్లిదండ్రుల గురించి, శరీరం గురించి, కులం గురించి, ఊరి యాస గురించి ఎవరూ ఏమీ రాయకూడదు, ఎవరో రాసింది పంచకూడదు. మీ అబ్బాయి పేరు మార్చుకుని నడిపే ఫ్యాన్ పేజీ ఉంటే దాన్ని మీకు చూపించమని అడగండి. అందులో ఏముందో చదివాక కోప్పడాలా వద్దా నిర్ణయించుకోండి. కొన్ని పేజీల్లో ఎంతో శ్రమ, నేర్పు కనిపిస్తాయి. ఆ నేర్పుకు ఎడిటింగ్, డిజైన్ వంటి దారులు చూపించవచ్చు. మీ పిల్లలే ఇలాంటి దూషణకు గురైతే తెరమీది చిత్రాలు (స్క్రీన్‌షాట్లు) భద్రపరచి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

అన్ని షోలనూ ఒకే గాటన కట్టకండి

పోటీ ఉన్న ప్రతి కార్యక్రమమూ పిల్లల మనసు పాడుచేస్తుందనడం అన్యాయం. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగా కూడా పోటీయే, అందులోనూ ఎలిమినేషన్ ఉంది, ఓడిన పిల్లల కన్నీళ్లూ ఉన్నాయి. కానీ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఒక పిల్లవాడి శ్రుతి ఎక్కడ తప్పిందో చెప్పేటప్పుడు, అసలు ఆ పాట ఎంత కష్టమో, దాన్ని స్వరపరచినవారు ఏం ఆలోచించారో చెప్పి, తానూ ఒకసారి పాడి చూపించేవారు. తప్పు చెప్పించుకున్న పిల్లవాడు అవమానంతో కాకుండా కొత్త సంగతి నేర్చుకుని వేదిక దిగేవాడు. ఆయన 2020లో వెళ్లిపోయారు, పాత భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఒక ఆదివారం సాయంత్రం పిల్లలతో కలిసి వాటిలో ఒకటి చూసి, తప్పును ఎత్తిచూపిన తీరును శనివారం ఎపిసోడ్‌తో పోల్చమనండి. పోలిక వారే చేయాలి, మీరు నోరు విప్పవద్దు.

డాన్స్ షోల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చిన్నపిల్లల చేత పెద్దల సినిమా పాటలకు అసభ్యమైన భంగిమలు వేయించడం గురించి కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2019 జూన్‌లో టీవీ ఛానళ్లకు హెచ్చరికగా ఒక సలహాపత్రం పంపవలసి వచ్చింది. మన ఇళ్లలో ఆరేళ్ల పాప అలాంటి పాటకు ఆడితే చుట్టాలందరూ వీడియో తీసి మురిసిపోతారు. పాప ఆడినందుకు మురిసిపోండి, పాట మాత్రం మీరు ఎంచండి.

‘నేనూ వెళ్తాను’ అన్నప్పుడు

ఈ మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తుంది, దానికి కారణమూ ఉంది. బిగ్ బాస్‌లో 2023లో రైతుబిడ్డగా పరిచయమైన యువకుడు గెలిచాడు. 2025లో అగ్నిపరీక్ష అనే ముందస్తు పోటీ పెట్టి సామాన్యులను ఎంపిక చేశారు. పల్లెటూరి పిల్లలకు ఆ తలుపు తమకూ తెరిచి ఉన్నట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు, ఆ కోరికను ఎగతాళి చేయవలసిన పని అంతకన్నా లేదు. ‘వెళ్లి ఏం చూపిస్తావు?’ అని అడగండి. పాట, మాట, ఆట, వంట, ఏదో ఒక నైపుణ్యం పేరు వస్తే దానికి శిక్షణ ఇప్పించండి. ‘నేను నాలాగే ఉంటాను’ అన్న జవాబు వస్తే, ఆ 300 నిమిషాల లెక్కను మళ్లీ తీయండి. సెలక్షన్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, అది ఎంత చిన్న మొత్తమైనా, అక్కడితో ఆపేయండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పాటల, డాన్సుల పోటీలకు పంపేవారు చట్టం తెలుసుకోవాలి. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం, 2017 నాటి నిబంధనలు దీన్ని స్పష్టంగా చెబుతున్నాయి. నిర్మాతలు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. పిల్లల చేత రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించకూడదు, చదువు దెబ్బతినకుండా ఏర్పాటు చేయాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వారి పేరు మీద బ్యాంకులో స్థిర డిపాజిట్ చేయాలి. షూటింగ్ రాత్రి రెండింటి దాకా సాగుతుందని, అందరూ అలాగే చేస్తారని ఎవరైనా అంటే ఈ నిబంధనలు చూపించి అడిగే హక్కు తల్లిదండ్రులుగా మీకుంది. అడిగితే అవకాశం పోతుందని భయపడకండి. ఇబ్బంది ఎదురైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

తెర మీద హద్దు దాటినప్పుడు

బిగ్ బాస్‌లో అసభ్యత గురించిన వ్యాజ్యం 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో విచారణకు వచ్చింది. కోర్టుకు వెళ్లలేనివారికి సులభమైన మార్గం వేరే ఉంది. 2021 నిబంధనల ప్రకారం టీవీ ఛానల్ అయినా ఓటీటీ అయినా మీ ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో పరిష్కరించాలి. జవాబు నచ్చకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. వినోద ఛానళ్ల విషయంలో అలాంటి సంస్థ ఒకటి 2011 నుంచి పనిచేస్తోంది. ఫిర్యాదులో తేదీ, సమయం, అన్న మాట లేదా చూపిన దృశ్యం, అభ్యంతరానికి కారణం క్లుప్తంగా రాయండి. ఆ ఉత్తరాన్ని మీ పిల్లల చేతే రాయించండి. ఓటీటీలో చూస్తుంటే 13+, 16+ గుర్తులు గమనించి పేరెంటల్ లాక్ పెట్టుకోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలున్నప్పుడు ఇది అవసరమే.

ఎప్పుడు ఆగి చూడాలి

కొన్ని సూచనలు కనిపిస్తే ఇదంతా పక్కనపెట్టి నేరుగా పిల్లలతో కూర్చోవాలి. తిండి తగ్గించి అద్దం ముందు గంటలు గడపడం, నచ్చిన కంటెస్టెంట్ వెళ్లిపోయాడని రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోవడం, నిద్ర చెడగొట్టుకుని ఫ్యాన్ గ్రూపుల్లో తగువులాడటం, తనను తాను ఎవరో చూస్తున్నట్లు ఎప్పుడూ ప్రదర్శిస్తూ ఉండటం అలాంటివి. షో వాటికి మూలం కాకపోవచ్చు, లోపల ఉన్న బాధ షో రూపంలో బయటపడుతుండవచ్చు. మీ వల్ల కాదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఫినాలే రాత్రి

ఫినాలే ఎటూ ఆదివారమే, మర్నాడు బడి ఉంటుంది. అయినా ఆ ఒక్క రాత్రి పిల్లలను ఆలస్యంగా మేలుకోనివ్వండి, కలిసి చూడండి, నచ్చినవారు గెలిస్తే వారితో పాటు సంతోషించండి. మరుసటి ఆదివారం సెప్టెంబరులో మొదలుపెట్టిన నోటుపుస్తకం తీయండి. మొదటి వారంలో ఎవరిని ఫేక్ అన్నారో, ఎవరిని జెన్యూన్ అన్నారో వారి మాటల్లోనే అక్కడ ఉంటుంది. మీరు చదవకుండా పుస్తకం వారి చేతికివ్వండి. నా విద్యార్థుల్లో ఒకడు తన పేజీ రెండుసార్లు చదువుకుని, మొదటి వారమే ఎలిమినేట్ అయిన కంటెస్టెంట్ పేరు పక్కన తాను చెప్పిన మాటను పెన్సిలుతో మెల్లగా కొట్టేశాడు. కొత్తగా ఏం రాయాలని నన్ను అడిగాడు. ఖాళీగా వదిలేయమన్నాను.